పట్టు పంచె, ఫార్మల్ నైట్: ఒక చిత్తూరు కుటుంబం క్రూయిజ్ కేస్

తిరుపతిలో నాది చిన్న ట్రావెల్ ఆఫీసు. పదిహేనేళ్లుగా ముఖ్యంగా చేసేది బయటి ఊళ్ల నుంచి కొండకు వచ్చేవాళ్లకు బండ్లు, రూములు చూడడం. ఇక్కడి నుంచి సింగపూర్, మలేసియా, శ్రీలంక పోయేవాళ్లకు ప్యాకేజీలు అమ్మడం రెండో పని. 2022లో చెన్నై హార్బరు నుంచి కార్డీలియా ఓడ తిరగడం మొదలయ్యాక, "ఓడలో పోయిరావాలంటే ఎంతవుతుంది సామీ?" అని అడిగేవాళ్లు మా ఆఫీసుకు రావడం ఎక్కువైంది. అప్పటి నుంచి క్రూయిజ్ బుకింగులు కూడా చేస్తున్నాను.

ఇది అందులో ఒక బుకింగ్. గొడవ పెద్దదేమీ కాదు, ఎవరికీ పైసా నష్టం రాలేదు. కానీ ఇందులో నేను రెండు తప్పులు చేశాను. మొదటిది తెలియక చేసింది. రెండోది కోపంలో చేసింది, దానికే ఎక్కువ సిగ్గుపడ్డాను. ఈ పని చేసే మిగతా వాళ్లకు ఉపయోగపడుతుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. కుటుంబం రాసుకోమంది. పేర్లు, కంపెనీ, ఓడ చెప్పడం లేదు.

ఎవరు, ఎక్కడికి

చిత్తూరులో బెల్లం మండీ నడిపే కుటుంబం. పెద్దాయనకు డెబ్బై నిండితే భీమరథ శాంతి చేయించారు. ఆ సంతోషంలో పెద్ద కొడుకు అందరినీ సింగపూర్ తీసుకుపోతానన్నాడు. మొత్తం తొమ్మిది మంది: పెద్దాయన, అవ్వ, పెద్ద కొడుకు, కోడలు, వాళ్ల పిల్లలిద్దరు (పదహారేళ్ల అబ్బాయి, పన్నెండేళ్ల అమ్మాయి), బెంగళూరులో ఉండే కూతురు, అల్లుడు, వాళ్ల ఆరేళ్ల బాబు. చెన్నై నుంచి విమానం, సింగపూర్‌లో రెండు రోజులు, తర్వాత నాలుగు రాత్రుల క్రూయిజ్. పెనాంగ్, ఫుకెట్ చూసుకుని మళ్లీ సింగపూర్.

బయల్దేరడానికి పది రోజుల ముందు వాళ్లింటికే వెళ్లి కూర్చుని అంతా వివరించాను. గంటన్నర మాట్లాడితే గంటకు పైగా తిండి గురించే. పెరుగు ఉంటుందా, ఊరగాయ తీసుకుపోవచ్చా, శనివారం ఇంట్లో ఎవరూ మాంసం ముట్టరు, ఆ రోజు వేరే గరిటెతో వడ్డిస్తారా? ఇవన్నీ సరైన ప్రశ్నలే. నేనూ వాటికే సిద్ధమై పోయాను. బట్టల గురించి నేనిచ్చిన కాగితంలో ఉన్నది ఒకే ఒక్క వాక్యం: "డ్రెస్ కోడ్: మూడు రాత్రులు స్మార్ట్ క్యాజువల్, ఒక రాత్రి ఫార్మల్." కంపెనీ పంపిన దాన్ని తెలుగు అక్షరాల్లోకి మార్చి పెట్టాను, అంతే. అది తర్జుమా కూడా కాదు.

పెద్ద కొడుకు ఒక్కటే అడిగాడు. "నాయన జన్మలో ప్యాంటు వేసుకోలేదు. ఇప్పుడు కోటు కుట్టించాల్నా?" వద్దన్నాను. మంచి పంచె, ఫుల్ హ్యాండ్స్ చొక్కా, కండువా ఉంటే చాలన్నాను. నేను గాలిలో చెప్పిన మాట కాదది. క్రూయిజ్ కంపెనీలన్నిటిలోకి బట్టల విషయంలో గట్టిగా ఉండే క్యూనార్డ్ కూడా గాలా రాత్రులకు (ఫార్మల్ నైట్‌కు వాళ్లు పెట్టుకున్న పేరు) సూటు, డిన్నర్ జాకెట్లతో పాటు వాళ్ల వాళ్ల దేశపు సంప్రదాయ ఫార్మల్ దుస్తులను ఒప్పుకుంటుంది. స్కాట్లండు మగవాళ్లు కిల్టుతో, అంటే గళ్ల పావడా లాంటి వాళ్ల బట్టతో వస్తారు. అంత కట్టుదిట్టమైన చోటే చెల్లే పంచె మన సింగపూర్ ఓడలో ఎందుకు చెల్లదు అనుకున్నాను. ఆ జవాబు తప్పు కాదు. సగమే చెప్పాను, అదీ సంగతి.

పెద్ద కొడుకు మాత్రం తన పెళ్లి రిసెప్షన్ నాటి సూటు బయటికి తీశాడు. గుండీ పడలేదు. కొత్తది కొన్నాడు.

మొదటి రాత్రి

ఓడ ఎక్కేటప్పుడు పెద్ద సూట్‌కేసులు మన వెంట రావు. టెర్మినల్లో పోర్టర్లకు అప్పగిస్తే, స్కాన్ చేసి సాయంత్రానికి ఎవరి గది ముందు వాళ్లవి పెడతారు. స్కాన్‌లో నిషేధించిన వస్తువు కనిపిస్తే ఆ పెట్టె ఆపేస్తారు, మనమే కిందికి వెళ్లి తెరిచి చూపించి తెచ్చుకోవాలి. ఓడలో అన్నిటికంటే భయం నిప్పుకు. అందుకే ఇస్త్రీపెట్టె, కొవ్వొత్తి, మంట పుట్టించేది ఏదీ గదిలోకి రానివ్వరు.

అవ్వ సర్దిన పెట్టెలో రెండూ ఉన్నాయి. పట్టు పంచె మడతలు పోతాయని చిన్న ఇస్త్రీపెట్టె, పొద్దున దీపారాధనకు హారతి కర్పూరం పొట్లం. పెట్టె చేతికి వచ్చేసరికి రాత్రి తొమ్మిది దాటింది. ఇస్త్రీపెట్టె దిగేటప్పుడు ఇస్తామని తీసుకుని రసీదు ఇచ్చారు, కర్పూరం తీసేసుకున్నారు. అవ్వకు ఇస్త్రీపెట్టె పోయినా బాధ లేదు, కర్పూరానికే మనసు నొచ్చింది.

ప్రయాణపు బట్టలతోనే ఉన్నారు కాబట్టి ఆ రాత్రి అందరూ పై అంతస్తులో ఉన్న బఫేకి వెళ్లి తిన్నారు. నిజానికి మొదటి రాత్రి మెయిన్ డైనింగ్ రూములో కూడా ఇబ్బంది ఉండేది కాదు. పెట్టెలు ఆలస్యంగా వస్తాయని వాళ్లకూ తెలుసు, అందుకే మొదటి రాత్రి దాదాపు ఎప్పుడూ క్యాజువలే. చివరి రాత్రీ అంతే, ఎందుకంటే ఆ రాత్రి పెట్టెలు సర్ది గది బయట పెట్టేయాలి. చిన్న ట్రిప్పుల్లో ఫార్మల్ నైట్ చాలాసార్లు రెండో రాత్రే రావడానికి కారణం ఇదే.

ఈ చిన్న విషయాన్ని ఎందుకు సాగదీస్తున్నానంటే, మొదటి రాత్రి వాళ్లు మెయిన్ డైనింగ్‌కి వెళ్లి ఉంటే ఆ గుమ్మం, అక్కడ నిలబడే మనిషి, టేబుల్ చూసే వెయిటర్ అందరూ పరిచయమయ్యేవాళ్లు. పెద్దాయన కాళ్ల సంగతి కూడా అప్పుడే బయటపడేది. కర్పూరం పొట్లం ఒకటి ఆ అవకాశాన్ని తినేసింది.

రెండో రాత్రి

ఇక్కడ సాయంత్రం పావు తక్కువ ఆరు. అక్కడ మనకంటే రెండున్నర గంటలు ముందు కాబట్టి ఎనిమిదింపావు. వాట్సాప్ కాల్, పెద్ద కొడుకు.

"మీరే గదా సామీ పంచె చాలన్నారు. పంచె కట్టుకున్నందుకు మా నాయన్ని గుమ్మం కాడ నిలబెట్టేసినారు. జీన్సు వేసుకున్న మా బావని లోపలికి పంపించినారు. మా నాయన ఏమన్నా అడుక్కోను పోయినాడా?"

వెనకాల అవ్వ ఏడుపు వినిపిస్తోంది. పెద్దాయన గొంతు కూడా: "పోనీలేరా, పైన తినొద్దాం పా."

అడగాల్సిన మొదటి ప్రశ్న ఒక్కటే: "వాళ్లు ఏమన్నారు? ఏ మాట అన్నారో అదే చెప్పండి." నేను అది అడగలేదు. ఎందుకు అడగలేదో కూడా నాకు తెలుసు. పంచె అనగానే నా బుర్ర ఇంకెక్కడికో పోయింది. 2014 జూలైలో చెన్నైలో మద్రాసు హైకోర్టు జడ్జి జస్టిస్ హరిపరంథామన్ పంచె కట్టుకుని వచ్చారని ఒక క్రికెట్ క్లబ్బులోకి రానివ్వలేదు. తమిళనాడు అంతా అట్టుడికింది. మరుసటి నెలలోనే అక్కడి అసెంబ్లీ చట్టమే చేసింది: పంచె కట్టుకున్నాడని క్లబ్బుల్లోకి రాకుండా ఆపితే ఏడాది వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. సరిహద్దు జిల్లా వాళ్లం, ఆ రోజుల్లో మా దగ్గర టీ బంకుల్లో కూడా అదే మాట. అది నా మనసులో మెదిలింది. ఇదీ అదే అనుకున్నాను.

పది నిమిషాల్లో మేము బుకింగ్ పెట్టే చెన్నై ఏజెన్సీకి మెయిల్ కొట్టాను. మా దేశపు దుస్తులను అవమానించారని, వయసులో పెద్దాయనను నలుగురిలో నిలబెట్టారని, క్షమాపణ కావాలని. ఎక్కువ ఓడలు బహామాస్, పనామా లాంటి దేశాల జెండాల కింద తిరుగుతాయని, తమిళనాడు చట్టం అక్కడ చెల్లదని తెలిసి కూడా ఆ చట్టాన్ని అందులో ఇరికించాను.

రాత్రికి కోడలు ఒక ఫోటో పంపింది. ఫార్మల్ నైట్ అంటే ఓడలో ఫోటోగ్రాఫర్లకు పండగ. తెరలు కట్టి, దీపాలు పెట్టి, పోయేవాళ్లనూ వచ్చేవాళ్లనూ నిలబెట్టి తీస్తారు, తర్వాత అమ్ముతారు. డైనింగ్ రూముకు వెళ్లేముందు తీసిన ఫోటో అది. పెద్దాయన తెల్లటి పట్టు పంచె, జరీ కండువా, నుదుట నామం. పక్కన అవ్వ కంచిపట్టు చీర. పెళ్లి పీటల మీద నుంచి లేచి వచ్చినట్టున్నారు. చూడగానే నా కోపం రెట్టింపైంది. ఆ ఫోటోను జతచేసి ఇంకో మెయిల్ పెట్టాను: ఇంతకంటే ఫార్మల్ ఏముంటుందో చూపించండి అని.

ఆ ఫోటో మోకాళ్ల దగ్గర ఆగిపోయింది. అప్పుడు గమనించలేదు.

అసలు జరిగింది

మరుసటి రోజు పొద్దున పన్నెండేళ్ల మనవరాలు ఫోనులో చెప్పింది. "అంకుల్, వాళ్లు తాత పంచె గురించి ఏం అనలా. కాళ్ల పక్క చూపించి ఫుట్‌వేర్ అన్నాడు. నిక్కరు గురించి అన్నది అన్నని."

అంతా అక్కడ తేలింది. గుమ్మం దగ్గర ఇద్దరిని ఆపారు. ఒకరు పెద్దాయన, ఇంకొకరు త్రీ ఫోర్త్ వేసుకున్న మనవడు. మనవడి వైపు చూసి "లాంగ్ ట్రౌజర్స్ ప్లీజ్" అన్నారు. అది పెద్ద కొడుకు చెవిన పడింది, తండ్రిని ప్యాంటు వేసుకుని రమ్మంటున్నారని అనుకున్నాడు. ఆ తర్వాత మాట ఎవరూ వినలేదు. పిల్ల మాత్రం విన్నది, ఆ గొడవలో దాని మాట ఎవరికి కావాలి?

పెద్దాయన కాళ్లకున్నవి ఎంసీఆర్ చెప్పులు. షుగరు ఉన్నవాళ్లకు, మడమ నొప్పి ఉన్నవాళ్లకు డాక్టర్లు రాసిచ్చే మెత్తటి రబ్బరు చెప్పులు. మనకు చూడగానే తెలుస్తుంది. తెలియని వాళ్లకు అవి స్నానాల గదికి వేసుకుపోయే హవాయి చెప్పులే. ఓడల్లో రాత్రి భోజనానికి రానివ్వని వాటి పట్టికలో దాదాపు ప్రతి కంపెనీ రాసేది ఆ రబ్బరు చెప్పుల పేరు. ఈత బట్టలు, మగవాళ్ల చేతుల్లేని బనియన్లు, టోపీలు, నిక్కర్లు, రబ్బరు చెప్పులు. ఈ పట్టికలో ఎక్కడా పంచె లేదు.

మరి జీన్సు వేసుకున్న అల్లుడు? ముదురు రంగు జీన్సు, కాలరు చొక్కా, బూట్లు. రూలు ప్రకారం అదీ ఫార్మల్ కాదు. కానీ చాలా ఓడల్లో గుమ్మం దగ్గర దాన్ని చూసీ చూడనట్టు వదిలేస్తారు. పట్టు పంచె ఆగిపోయి జీన్సు లోపలికి పోవడం కళ్లారా చూసిన కొడుక్కి ఇంకే అర్థం తోస్తుంది? ఆ కోపాన్ని నేను తప్పుపట్టను.

అల్లుడికి హిందీ వచ్చు. ఆయన గెస్ట్ సర్వీసెస్‌కి వెళ్తే రెస్టారెంట్ మేనేజర్ వచ్చి మాట్లాడాడు, మన దేశం మనిషే. పంచె, కుర్తా, కిల్టు రోజూ చూస్తుంటామని, వాటికి ఎప్పుడూ స్వాగతమేనని, ఆ చెప్పులు వైద్యం కోసమని ఒక్క మాట చెప్పి ఉంటే ఆపేవాళ్లం కాదని చెప్పాడు. ఆపిన కుర్రాడికి అది తెలిసే అవకాశం లేదని కూడా అన్నాడు. పెద్దాయన గదికి వచ్చి చేతులు జోడించాడు. ఎక్కువ నడవకుండా గుమ్మానికి దగ్గరగా టేబుల్ ఇచ్చాడు.

మూడో రాత్రి ఫార్మల్ కాదు. అయినా పెద్దాయన ఆ పట్టు పంచే కట్టుకుని, ఆ ఎంసీఆర్ చెప్పులతోనే వెళ్లారు. "కట్టుకునేకే గదా తెచ్చింది" అన్నారట.

నేను చెన్నై ఏజెన్సీకి మూడో మెయిల్ పెట్టాను, ముందు రెండూ వెనక్కి తీసుకుంటున్నానని. అది రాయడానికి, మొదటి రెండు మెయిళ్లకూ కలిపి పట్టిన దానికంటే ఎక్కువ సేపు పట్టింది.

ఎక్కడ తప్పింది

తిరిగి వచ్చాక చిత్తూరు వెళ్లి పెద్దాయనతో మండీలో కూర్చున్నాను. నా సర్వీస్ చార్జీ వెనక్కి ఇస్తానన్నాను, తీసుకోలేదు. ఆయన అన్న మాటే నా పద్ధతి మార్చింది.

"కొండకు పోయేటప్పుడు ఏం కట్టుకోవాల్నో నాకు ఎవురన్నా చెప్పాల్నా? రాసిపెట్టి ఉంటాది గదా. ఈళ్లదీ అట్లా రాసిపెట్టొచ్చు గదా."

రాసిపెట్టారు. కానీ వేరే రకంగా. తిరుమలలో 300 రూపాయల దర్శనానికైనా, కళ్యాణోత్సవానికైనా రూలు బట్టల పేర్లతో ఉంటుంది. మగవాళ్లు పంచె, ఉత్తరీయం లేదా కుర్తా, పైజామా. ఆడవాళ్లు చీర, లంగా ఓణీ లేదా చున్నీతో చుడీదార్. చదువు రాని మనిషికి కూడా చదివి వినిపిస్తే చాలు, సందేహం ఉండదు. జీన్సుతో వచ్చిన కుర్రాడు పైన షాపులో పంచె కొని ప్యాంటు మీదే చుట్టుకుని లైన్లోకి పోతాడు, ఎవరూ అవమానం అనుకోరు. ఓడ రూలు బట్టల పేర్లు చెప్పదు. ఎలా ఉండాలో గుణం చెబుతుంది: స్మార్ట్, ఎలిగెంట్, షిక్. స్మార్ట్ అంటే చిత్తూరులో ఒకటి, బెంగళూరులో ఒకటి. గుణానికి ఎవరికి తోచిన బట్ట వాళ్లు తొడుగుతారు.

పైగా ఆ గుణాల పేర్లు కూడా కంపెనీకొకటి. కార్నివాల్ వాళ్లు క్రూయిజ్ ఎలిగెంట్ అంటారు. సెలబ్రిటీ వాళ్లు 2015 చివర్లో ఫార్మల్ అనే మాట తీసేసి ఈవినింగ్ షిక్ పెట్టుకున్నారు. నార్వీజియన్ వాళ్లయితే 2000లోనే ఫ్రీస్టైల్ అంటూ ఫార్మల్ నైట్ బలవంతమే ఎత్తేశారు. క్యూనార్డ్‌లో మాత్రం ఇప్పటికీ సాయంత్రం ఆరు దాటితే ఓడలో చాలా చోట్ల బట్టల పట్టింపు ఉంటుంది. అది ఇష్టం లేనివాళ్లకు బఫే, ఇంకా కొన్ని చోట్లు విడిచిపెడతారు. ఈ తేడాలు తెలియకుండా "క్రూయిజ్‌లో డ్రెస్ కోడ్ ఇదీ" అని ఒక్క కాగితం అందరికీ ఇస్తే ఎక్కడో ఒకచోట దెబ్బ తగులుతుంది.

ఇంకో విషయం తట్టడానికి నాకు చాలా రోజులు పట్టింది. మన మర్యాదలో కాళ్లకు చోటు లేదు. గుడికి పోతే చెప్పులు విడుస్తాం, పెళ్లి మండపం ఎక్కితే విడుస్తాం, పెద్దవాళ్ల ఇంటికి పోతే గడప బయటే విడుస్తాం. చోటు ఎంత గొప్పదైతే కాళ్లు అంత ఖాళీ. అందుకే మంచి బట్టలు సర్దుకోమంటే పంచె, చీర, నగ అన్నీ గుర్తొస్తాయి, చెప్పులు గుర్తు రావు. నాకూ రాలేదు. పెద్ద కొడుకు కోటు గురించి అడిగినప్పుడు మెడ నుంచి మడమ దాకా చెప్పి, మడమ దగ్గర ఆపేశాను. ఓడ వాళ్ల లెక్క తలకిందులు. అక్కడ సందర్భం ఎంత పెద్దదైతే కాళ్లు అంత కప్పి ఉండాలి.

ఇప్పుడు ఏం చేస్తున్నాను

స్మార్ట్ క్యాజువల్ లాంటి మాటలు నా కాగితంలో లేవు. కంపెనీ నుంచి ఆ ఓడకు, ఆ తేదీకి సంబంధించిన రూలు తెప్పించుకుని, మన ఇంటి బీరువాలో ఉండే బట్టల పేర్లతో తిరగరాస్తాను. గుమ్మం దగ్గర నిలబడే మనిషి చూసేది నాలుగు చోట్లు: పాదాలు, మోకాళ్లు, భుజాలు, తల. కాగితం ఆ వరుసలోనే ఉంటుంది. పాదాల దగ్గర ఎక్కువ రాస్తాను. తల దగ్గర ఒక్క ముక్క: కుర్రాళ్లు క్యాప్ తీసేయాలి.

మోకాళ్ల దగ్గర పంచె వాళ్లకు వేరే మాట. మెట్లు ఎక్కేటప్పుడు పంచె ఎగ్గట్టే అలవాటు అందరికీ ఉంటుంది. పెద్దవాళ్లు ఎదురొస్తే దించుతాం కదా, డైనింగ్ రూము గుమ్మం కూడా పెద్దమనిషే అనుకోమంటాను. లుంగీ గురించి తప్పకుండా ఎవరో ఒకరు అడుగుతారు. గదిలో మీ ఇష్టం, గది దాటితే వద్దని చెబుతాను. పంచెకు, లుంగీకి తేడా ఓడ వాళ్లకు తెలియకపోవచ్చు, అందుకని ఫార్మల్ నైట్‌కి పంచె కట్టేవాళ్లుంటే వాళ్ల నిలువెత్తు ఫోటో ముందే కంపెనీకి మెయిల్‌లో పంపి, సరేనని జవాబు రాయించుకుంటాను. ఆ జవాబు ప్రింటు తీసి చేతికిస్తాను. ఇప్పటివరకు ఎవరూ దాన్ని బయటికి తీయాల్సిన అవసరం రాలేదు. కానీ జేబులో ఉంటే నడక వేరే ఉంటుంది.

ప్రతి ఒక్కరూ భోజనానికి వేసుకునే బట్టలతో, చెప్పులతో సహా ఇంటి గుమ్మంలో నిలబడి ఫోటో తీసి వాట్సాప్‌లో పంపాలి. పాదాలు కనిపించకపోతే మళ్లీ తీయమంటాను. దీనికి నవ్వేవాళ్లున్నారు, విసుక్కునేవాళ్లున్నారు. ఒక రిటైర్డ్ లెక్చరర్ గారైతే "ఏమయ్యా, పెళ్లిచూపులా?" అన్నారు. పంపారు.

షుగరు, మడమ నొప్పి ఉన్నవాళ్లను నేనే అడుగుతాను, వాళ్లంతట వాళ్లు చెప్పరు. ఎంసీఆర్ చెప్పుల్లోనే వెనక పట్టీ ఉండి చూడడానికి శాండిల్‌లా ఉండే రకం దొరుకుతుంది, నలుపు రంగులో. అది కొనుక్కోమంటాను. పాతవే కావాలంటే డాక్టరు చీటీ తీసుకుని బుకింగ్ అప్పుడే కంపెనీకి తెలియజేస్తాను. మొదటి రాత్రికి ఒక జత బట్టలు, మందులు చేతి సంచిలో. ఇస్త్రీపెట్టె, కర్పూరం, అగరువత్తులు ఇంట్లోనే. ముడతలు పడని మడత కోసం పంచెను అట్ట మీద చుట్టి పెట్టుకోవడం నాకు అవ్వే నేర్పింది. ఆ ఇస్త్రీపెట్టె ఆమెకు మళ్లీ అక్కర్లేదట.

ఈ పద్ధతితో మూడు కుటుంబాలను పంపాను. రెండింటి నుంచి ఫోను రాలేదు, నా వ్యాపారంలో అది మంచి వార్త. మూడో కుటుంబంలో ఒక కుర్రాడు ఫోటోలో బూట్లతో నిలబడి, ఓడలోకి స్లిప్పర్లే తెచ్చుకున్నాడు. మూడు రాత్రులు బఫేలోనే తిని వచ్చాడు. బాగుందన్నాడు.

ఇప్పుడు నా టేబుల్ మీద ఉన్న ఫైలుకు మాత్రం దారి తెలియడం లేదు. రేణిగుంట దగ్గర ఊరు. కొడుకు డిసెంబరు రెండో వారానికి ఆరు టికెట్లు బుక్ చేశాడు, డబ్బు కట్టేశాడు. తర్వాత తండ్రి ఈ ఏడాది అయ్యప్ప మాల వేసుకుంటానని నిర్ణయించుకున్నారు. నలభై ఒక్క రోజుల దీక్ష, నల్ల పంచె, చెప్పులు లేని కాళ్లు. నల్ల పంచెకు కంపెనీ నుంచి సరేనని జవాబు తెప్పించగలను. వట్టి కాళ్లతో మాత్రం ఏ పూటా ఏ రెస్టారెంటులోకీ రానివ్వరు, బఫేతో సహా. దీక్షలో ఉన్న మనిషి అక్కడి వంట తినడం ఎలాగో వేరే ప్రశ్న. గదిలోకే పండ్లు, పాలు తెప్పించే ఏర్పాటు చేయవచ్చు. నాలుగు రోజులు గదిలో కూర్చోబెట్టడానికి ఆయన్ను సముద్రం మీదికి ఎందుకు తీసుకుపోవడం?

తేదీ జనవరి చివరికి మార్చుకోమన్నాను. మార్పు చార్జీ ఎంతో లెక్క కట్టి పంపాను. కొడుకు తండ్రిని అడిగి చెబుతానన్నాడు. ఇంకా ఫోను రాలేదు.